మేక కనురెప్ప తెల్లబడితే: నట్టల మందుల్లో ఏది, ఏ మేకకు, ఎప్పుడు

ఆగస్టులో మందలో ఒక మేక వెనుకబడుతుంది. పెంటికలు గట్టిగానే వేస్తుంది, మేత ముడుతూనే ఉంటుంది, ఒళ్లు కాలదు. నాలుగు అడుగులు వేస్తే మాత్రం ఆయాసపడి నిలబడిపోతుంది, సాయంత్రానికి దవడ కింద నీటి సంచిలాంటి మెత్తని వాపు దిగుతుంది. పారుడు లేదు కాబట్టి ఇది నట్టల వల్ల కాదని యజమాని అనుకుంటాడు, బలానికి టానిక్ తెచ్చి తాపుతాడు, మూడు నాలుగు రోజుల్లో మేక లేవలేని స్థితికి వస్తుంది. నట్టలేనని సరిగ్గా ఊహించి మందుల దుకాణానికి వెళ్లినవారికి మరో చిక్కు ఎదురవుతుంది. అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్, క్లోసాంటెల్ సీసాలు బల్ల మీద వరుసగా పెట్టి, "అన్నీ నట్టలకే, ఏదైనా తీసుకోండి" అంటారు. అన్నీ నట్టలకే అన్నది నిజమే కానీ, ఏదైనా తీసుకోండి అన్నది నిజం కాదు. హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మేకలు పెంచుతూ ఈ సీసాల ముందు తటపటాయించేవారి కోసమే ఈ పోలిక.

## ముందు తేల్చుకోవలసిన ఐదు విషయాలు

ధరను బట్టి ఎంచుకున్న మందు ఒక మేకకు సరిపోయి పక్క మేకకు ప్రమాదం కావచ్చు కాబట్టి, పోలికకు కొన్ని ప్రమాణాలు ముందే పెట్టుకోవాలి. నేను చూసేవి ఐదు: రక్తం పోవడానికి కారణమైనది ఏ పురుగు, ఆ మందు మీ మందలోని పురుగుల మీద ఇంకా పనిచేస్తోందా, మేక చూడిదా, పిల్లా, బాగా నీరసించినదా, దాని పాలు లేదా మాంసం ఎన్ని రోజుల్లో మనుషుల పళ్లెంలోకి వస్తాయి, ఎంచుకున్న పద్ధతిని వానాకాలమంతా కొనసాగించే మనుషులు, ఓపిక మీకు ఉన్నాయా. వీటిలో రెండోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. నా అనుభవంలో మేకలు పోయేది ఎక్కువగా అక్కడే.

మొదటి విషయాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. మేకల్లో రక్తహీనతకు అన్నిటికంటే పెద్ద కారణం హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట. ఇది పేగుల్లో కాక నాలుగో పొట్టలో, దాని లోపలి గోడను పట్టుకుని బతుకుతుంది. చనిపోయిన మేక నాలుగో పొట్టను చీల్చి చూస్తే, ఎర్ర దారం తెల్ల దారం కలిపి పేనినట్టుండే సన్నని పురుగులు, రెండు మూడు సెంటీమీటర్ల పొడవున, లోపలి మడతల మీద కదులుతూ కనిపిస్తాయి. ఆ ఎరుపు అది తాగిన రక్తం, ఆ తెలుపు ఆడ పురుగు గుడ్ల సంచి. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం నష్టపరుస్తుందని లెక్క. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మి.లీ. ఇరవై కిలోల మేక ఒంట్లో ఉండే రక్తం లీటరున్నర లోపే. అంటే వారం తిరిగేసరికి దాదాపు నాలుగో వంతు రక్తం పోతుంది, ఒళ్లు కొత్త రక్తం చేసుకుంటూ ఉన్నా ఆ నష్టంతో పోటీపడలేదు. రక్తంతో పాటు ప్రోటీన్లు కూడా పోవడం వల్లనే దవడ కింద నీరు దిగుతుంది.

ఒక్కో ఆడ పురుగు రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడి, తేమా వెచ్చదనమూ దొరికితే వారం అటు ఇటుగా లార్వాలై గడ్డి పరకలు ఎక్కుతాయి. మేక వాటిని మింగిన మూడు వారాలకు కొత్త తరం గుడ్లు పెట్టడం మొదలవుతుంది. జూలై నుంచి అక్టోబర్ దాకా మన వాతావరణం ఈ పురుగుకు అచ్చంగా సరిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో నేల మీది లార్వాలు త్వరగా మాడిపోతాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మందు ఎప్పుడు తాపాలన్న చర్చలో దీని అవసరం పడుతుంది.

పాలిపోయిన ప్రతి మేకకూ హీమాంకసే కారణమనుకోవడం కూడా పొరపాటే. తేడాలు ఇవి:

| కారణం | కనిపించే తీరు | ఎక్కువగా ఎక్కడ, ఎప్పుడు | మామూలు నట్టల మందు పనిచేస్తుందా |
|---|---|---|---|
| హీమాంకస్ | కనురెప్ప లోపల తెలుపు, ఆయాసం, దవడ కింద నీరు. సాధారణంగా పారుడు ఉండదు | వానాకాలం, పొట్టి పచ్చగడ్డి నేలలు | పురుగు ఆ మందుకు అలవాటు పడకపోతే పనిచేస్తుంది |
| కార్జపు జలగ (కార్జంలో చేరే చదునైన పురుగు, నీళ్ల జలగ కాదు) | నెమ్మదిగా చిక్కిపోవడం, పాలిపోవడం, దవడ కింద నీరు | నత్తలుండే కుంటల అంచులు, కాలువ గట్లు | జలగల మందు కావాలి |
| ట్రైకోస్ట్రాంగైలస్ వంటి పేగు నట్టలు | పారుడు, బరువు తగ్గడం. రక్తహీనత తక్కువ | వానలు, వానల తర్వాత | సాధారణంగా పనిచేస్తుంది |
| బద్దె పురుగు | పెంటికల మీద మెతుకుల్లాంటి తెల్లని ముక్కలు | ఎక్కువగా పిల్లల్లో | కొన్ని మందులే పనిచేస్తాయి |
| కాక్సీడియా | పిల్లల్లో పారుడు, ఒక్కోసారి రక్తంతో | కిక్కిరిసిన తడి కొట్టం | పనిచేయదు, అది నట్ట కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి |
| గోమార్లు మోసుకొచ్చే రక్త జబ్బులు | జ్వరం, పాలిపోవడం, ఒక్కోసారి కామెర్లు | గోమార్లు పట్టిన మందలు | పనిచేయదు, రక్త పరీక్ష కావాలి |

బద్దె పురుగు గురించి ఒక మాట. కంటికి కనిపించేది అదొక్కటే కాబట్టి అందరి కోపమూ దాని మీదే ఉంటుంది. పెంటికల్లో ముక్కలు కనిపించగానే మందు కోసం పరుగెత్తే యజమాని, ఏ ముక్కా కనిపించకుండా రక్తం తాగే హీమాంకస్‌ను నెలల తరబడి పట్టించుకోడు. మేకను తెల్లబరిచేది బద్దె పురుగు కాదు.

## ఏ మేకకు తాపాలి: మూడు పద్ధతులు

మొదటిది, మంద మొత్తానికీ తేదీ ప్రకారం తాపడం. వానలకు ముందొకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి అందరికీ తాపేస్తే మనసు నిశ్చింతగా ఉంటుంది, పని ఒక్క పూటలో అయిపోతుంది, పశుసంవర్ధక శాఖ ఉచితంగా చేపట్టే నట్టల నివారణ కార్యక్రమాలతోనూ కలిసి వస్తుంది. వంద మేకలుండి ఇద్దరే మనుషులున్నచోట దీని సౌలభ్యాన్ని తక్కువ చేయలేం. దీని నష్టం మాత్రం రెండు మూడేళ్ల తర్వాత బయటపడుతుంది. మందుకు చావని కొద్దిపాటి పురుగులే మిగిలి, వాటి గుడ్లే నేల మీద పడి, వాటి పిల్లలనే మళ్లీ మేకలు మింగుతాయి కాబట్టి, కొన్నాళ్లకు ఆ మందలో ఆ మందు నీళ్లతో సమానం అవుతుంది. ఎండాకాలంలో అందరికీ తాపితే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు నేల మీద లార్వాలు ఎండకు మాడిపోయి ఉంటాయి, పురుగుల సంతతి దాదాపు అంతా మేకల కడుపుల్లోనే ఉంటుంది. మందుకు దొరకని మామూలు పురుగులు బయట ఎక్కడా మిగలవు.

రెండోది, కనురెప్ప చూసి తాపడం. దక్షిణాఫ్రికాలో 1990లలో రూపొందిన ఫమాచా అనే పద్ధతి ఇది. ఒక చిన్న కార్డు మీద కనురెప్ప లోపలి పొర రంగులు ఐదు ముద్రించి ఉంటాయి, దానిమ్మ గింజ ఎరుపు నుంచి ఉడికిన గుడ్డు తెల్లసొన రంగు దాకా. ఉదయం వెలుతురులో మేకను ఎండ వైపు తిప్పి, ఒక బొటనవేలితో పై రెప్పను కనుగుడ్డు మీదికి దించి మెత్తగా లోపలికి నొక్కి, రెండో బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర ఒక్క క్షణం పైకి ఉబుకుతుంది. ఆ క్షణంలోనే రంగు చూసుకోవాలి; ఎక్కువసేపు పట్టి ఉంచితే రాపిడికి అది ఎర్రబడి మోసం చేస్తుంది. రెండు కళ్లూ చూసి, పాలిపోయిన కంటినే లెక్కలోకి తీసుకోవాలి. ఒకటి, రెండు రంగుల వాటిని వదిలేయాలి. నాలుగు, ఐదు రంగుల వాటికి ఆ రోజే తాపాలి. మూడో రంగు దగ్గరే విచక్షణ: పిల్ల అయినా, చూడిదైనా, పాలిచ్చేదైనా, చిక్కినదైనా తాపాలి, కండ పట్టి హుషారుగా తిరిగే పోతును రెండు వారాల తర్వాత మళ్లీ చూడవచ్చు. మందలో పదో వంతు కంటే ఎక్కువ మేకలు నాలుగు, ఐదు రంగుల్లో ఉంటే మూడో రంగు వాటన్నింటికీ తాపడం మేలు.

ఈ పద్ధతి బలం ఒక సాదా వాస్తవం మీద నిలబడి ఉంది: మందలో కొద్ది మేకలే, సుమారుగా నాలుగింట ఒకటో ఐదింట ఒకటో, పురుగుల్లో ఎక్కువ భాగాన్ని మోస్తుంటాయి. వాటికే తాపితే మేకలు బతుకుతాయి, మిగతా మేకల్లోని మామూలు పురుగులు గుడ్లు పెడుతూనే ఉంటాయి కాబట్టి మందుకు లొంగే సంతతి నిలిచి ఉంటుంది, మందు ఖర్చు కూడా తగ్గుతుంది. ఏటా ఏ మేకకు పదే పదే తాపవలసి వస్తోందో తెలుస్తుంది, దాన్ని మంద నుంచి తీసేయవచ్చు. బలహీనత ఏమిటంటే, ఇది హీమాంకస్‌ను మాత్రమే లెక్కగడుతుంది; దుమ్ముకో కలకకో ఎర్రబడిన కన్ను రక్తహీనతను దాచేస్తుంది; వానాకాలంలో రెండు వారాలకు ఒకసారైనా చూడకపోతే పద్ధతే పనికిరాదు. కార్డుకు బదులు సెల్‌ఫోన్‌లో దించిన రంగుల బొమ్మను నమ్ముకోవద్దు, ఒక్కో తెరలో ఒక్కో రంగు కనిపిస్తుంది. శిక్షణ పొందిన పశువైద్యుల దగ్గర ఒకసారి చేత్తో చేసి నేర్చుకుంటే అరగంట చాలు.

మూడోది, పెంటికల పరీక్ష. తాజా పెంటికలను ఉప్పు ద్రావణంలో కలిపి, గీతలున్న గాజు గడిలో వేసి, సూక్ష్మదర్శినిలో గుడ్లు లెక్కించి, గ్రాముకు ఎన్ని గుడ్లో చెబుతారు. నేల మీద పడినవి కాకుండా ఎనిమిది పది పెంటికలను మేక నుంచే నేరుగా సేకరించి, పేరు రాసిన కవరులో పెట్టి, చల్లగా ఉంచి అదే రోజు ఇవ్వాలి. ఎండలో ఉంచితే గుడ్లు పొదిగి లెక్క తప్పుతుంది. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల విభాగం ఉంది, నగరంలో నారాయణగూడ పశువైద్యశాల ఉంది. పరీక్ష ఎక్కడ, ఏ వేళల్లో చేస్తారో ముందుగా అడిగి వెళ్లండి. జలగ అనుమానం ఉంటే ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే జలగ గుడ్లు బరువైనవి, తేలే పద్ధతిలో కనిపించవు, అడుగున పేరుకునే పద్ధతిలో చూడాలి. పోతే, హీమాంకస్ గుడ్డుకూ దాని బంధువుల గుడ్లకూ రూపంలో పెద్ద తేడా ఉండదు కాబట్టి, ఈ సంఖ్యను కనురెప్ప రంగుతో కలిపి చదవాలి.

ప్రతి మేకకూ ప్రతి నెలా పరీక్ష చేయించడం ఎవరివల్లా కాదు. దీని అసలు ఉపయోగం వేరే. మందు తాపే రోజున పది మేకల పెంటికలు, పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాత అవే మేకల పెంటికలు పరీక్ష చేయిస్తే, గుడ్లు 95 శాతమైనా తగ్గాయో లేదో తెలుస్తుంది. తగ్గకపోతే, మోతాదు సరిగ్గా పడి ఉంటే, ఆ మందుకు మీ మందలో కాలం చెల్లినట్టే.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొయినాబాద్ వైపు పదిహేను మేకలతో మొదలుపెట్టిన ఏడాది, ఒకే వానాకాలంలో ఒకే రకం తెల్ల మందును మూడుసార్లు తాపాను. రెండోసారికి దుకాణంలో వేరే పేరున్న సీసా ఇచ్చారు, మందు మారిందనుకున్నాను. లోపలిది అదే అల్బెండజోల్. రెండు మేకలు పోయాక చేయించిన పరీక్షలో, మందు తాపిన పన్నెండో రోజున కూడా గుడ్లు దాదాపు మునుపటి లెక్కలోనే ఉన్నాయి. వేరే వర్గం మందుతో మిగతావి కోలుకున్నాయి.

నా సలహా కాబట్టి ఇది: రోజువారీ నిర్ణయానికి కనురెప్ప, ఏడాదికి ఒకసారి మందును పరీక్షించడానికి పెంటికలు, మంద మొత్తానికీ తాపడం మాత్రం పశువైద్యులు కారణం చూపినప్పుడే.

## ఏ సీసా: వర్గం చూసి ఎంచుకోవాలి

సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరును వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. పేర్లు పాతిక ఉన్నా వర్గాలు కొన్నే. ఒక వర్గంలో ఒక మందుకు అలవాటు పడిన పురుగు ఆ వర్గంలోని మిగతా మందులకూ సాధారణంగా లొంగదు. పురుగు ఇలా మందుకు లొంగకపోవడాన్నే నిరోధకత అంటారు.

| వర్గం | మందులు | వేటి మీద | అనుకూలం | జాగ్రత్త |
|---|---|---|---|---|
| బెంజిమిడజోల్‌లు | అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ | గుండ్రటి నట్టలు, బద్దె పురుగు. అల్బెండజోల్ పెద్ద జలగల మీద కూడా | చవక, అన్ని చోట్లా దొరుకుతుంది | నిరోధకత చాలా ఎక్కువ. చూడి తొలి నెలలో అల్బెండజోల్ వద్దు |
| లెవామిసోల్ | లెవామిసోల్ | గుండ్రటి నట్టలు | వేరే దారిలో పనిచేస్తుంది | మోతాదు మించితే చొంగ, వణుకు |
| ఐవర్‌మెక్టిన్ వర్గం | ఐవర్‌మెక్టిన్, డోరమెక్టిన్ | గుండ్రటి నట్టలు, గజ్జి, రక్తం పీల్చే పేలు | ఒక్క దెబ్బకు రెండు సమస్యలు | జలగ, బద్దె పురుగు చావవు |
| సాలిసిలానిలైడ్‌లు | క్లోసాంటెల్, రఫాక్సనైడ్ | హీమాంకస్, జలగ | రక్తం తాగేవాటి మీదే గురి | మోతాదు మించితే చూపు పోవచ్చు |
| జలగల మందులు | ఆక్సిక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ | జలగలు | ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపుతుంది | హీమాంకస్‌కు పనికిరావు |

బెంజిమిడజోల్‌ల వర్గం 1961లో థయాబెండజోల్‌తో మొదలైంది, అరవై ఏళ్లకు పైగా వాడకంలో ఉంది. మన దేశపు గొర్రె, మేక మందల్లో దీనికి నిరోధకత విరివిగా నమోదైంది కూడా. అయినా దీన్ని పూర్తిగా పక్కన పెట్టమని నేను అనను. మీ మందలో ఇంకా పనిచేస్తుంటే ఇంత సురక్షితమైన మందు మరొకటి లేదు, బరువు అంచనాలో చిన్న తప్పు జరిగినా మేక తట్టుకుంటుంది. చూడి మేకకు అల్బెండజోల్ బదులు ఫెన్‌బెండజోల్ ఎంచుకోవచ్చు.

లెవామిసోల్ అందుకు విరుద్ధం. అల్బెండజోల్‌కు లొంగని పురుగుల మీద కూడా పనిచేయవచ్చు, కానీ సరైన మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. తూకం వేయకుండా ఇవ్వకూడని మందు ఇది. బాగా నీరసించిన మేకకు నేనైతే దీన్ని మొదట ఎంచుకోను. ఆక్సిక్లోజనైడ్‌తో కలిపిన సీసాలు మార్కెట్‌లో చాలా ఉన్నాయి, కుంటల పక్కన మేసి జలగ, గుండ్రటి నట్ట రెండూ ఉన్న మందకు ఆ జోడీ అర్థవంతమే.

ఐవర్‌మెక్టిన్ కనిపెట్టినందుకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. గజ్జి, పేలు కూడా పట్టిన మేకకు ఇది మంచి ఎంపిక. పేలు కూడా రక్తం తాగుతాయన్నది మరవకూడదు. ఇంజెక్షన్ ఇస్తే సులువని అందరూ అటే మొగ్గుతారు గానీ, నట్టల కోసం నోటి ద్వారా ఇచ్చే రూపమే మేకలకు మేలు. పశువుల వీపు మీద పోసే రకాన్ని మేక మీద పోయకండి.

తెల్లబడిన రెప్ప, దవడ కింద నీరు ఉన్న మేకకు నా మొదటి ఆలోచన క్లోసాంటెల్ వైపు వెళుతుంది. ఇది రక్తంలోని ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది, రక్తం తాగిన పురుగే దాన్ని మింగుతుంది. మిగతా పేగు నట్టలను ఇది పెద్దగా తాకదు కాబట్టి, పారుడు కూడా ఉన్న మేకకు ఇదొక్కటే చాలదు. గొర్రె ఒంట్లో ఉన్నన్ని రోజులు మేక ఒంట్లో నిలవదు, "ఒక్కసారి తాపితే నెలన్నర దిగులు లేదు" అన్న గొర్రెల లెక్కను మేకలకు వర్తింపజేయవద్దు. మోతాదు విషయంలో చేతివాటం అసలే పనికిరాదు.

రెండు వేర్వేరు వర్గాల మందులను ఒకే రోజు, రెండింటినీ పూర్తి మోతాదులో, వేర్వేరు సిరంజిలతో ఇవ్వడం నిరోధకత ఉన్న మందలో బాగా పనిచేస్తుంది. సగం ఇది, సగం అది అని ఇవ్వడం మాత్రం పురుగుకు శిక్షణ ఇవ్వడమే.

### మోతాదు దగ్గర జరిగే తప్పులు

గొర్రెకంటే మేక కార్జం చాలా మందులను త్వరగా విరిచేస్తుంది. అందుకే అల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ వంటివి మేకకు గొర్రె మోతాదు కంటే ఎక్కువ, తరచు రెట్టింపు, ఇవ్వమని పశువైద్యులు చెబుతారు, లెవామిసోల్‌కు ఒకటిన్నర రెట్లు దాటరు, క్లోసాంటెల్‌ను పెంచరు. సీసా మీది గొర్రె మోతాదు చదివి తాపడం నిరోధకతకు దగ్గరి దారి కాబట్టి, మీ మేకకు ఎంత అన్నది వైద్యుల చేత రాయించుకోవాలి.

ఇంకో ఉచ్చు గాఢత. అల్బెండజోల్ 2.5 శాతం సీసాలో మి.లీ.కు 25 మి.గ్రా. ఉంటుంది, 10 శాతం సీసాలో 100 మి.గ్రా. ఇరవై కిలోల మేకకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున రాశారనుకుంటే మొత్తం 300 మి.గ్రా.; మొదటి సీసాతో 12 మి.లీ., రెండో సీసాతో 3 మి.లీ. "మేకకు పది మి.లీ." అని నోటి లెక్కతో తాపేవారు ఒక సీసాతో తక్కువ, మరో సీసాతో మూడు రెట్లు ఎక్కువ ఇస్తారు. అల్బెండజోల్‌తో మేక బతికి బయటపడుతుందేమో గానీ, 15 శాతం క్లోసాంటెల్‌తో ఇదే పొరపాటు చేస్తే చూపు పోతుంది: కిలోకు 10 మి.గ్రా. చొప్పున ఆ మేకకు పడేది మి.లీ.న్నర లోపే.

తాపేటప్పుడు మేక తలను ఆకాశానికి ఎత్తకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు కంటికి సమానంగా ఉంచి, సిరంజిని పెదవి మూల నుంచి నాలుక మొదలు దాకా తీసుకెళ్లి నెమ్మదిగా వదలాలి.

## రక్తం తిరిగి పట్టడానికి

నట్ట చచ్చినంత మాత్రాన రక్తం ఆ సాయంత్రానికి రాదు, మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా టానిక్, ఇనుము ఇంజెక్షన్, మేత, రక్తం ఎక్కించడం అన్న నాలుగింటిలో ఏది ఎంచుకోవాలన్నది మేక స్థితిని బట్టి ఉంటుంది. నిలబడి తినే మేకకు అన్నిటికంటే ముందు కావలసింది ప్రోటీన్: నానబెట్టిన పల్లి చెక్క, లూసర్న్, సుబాబుల్ ఆకు. నెలల తరబడి రక్తం పోయిన మేకకు ఇనుము నిల్వలు కూడా తగ్గి ఉంటాయి, దానికి వైద్యుల సలహాతో ఇనుము పనికొస్తుంది. నట్టలను వదిలేసి టానిక్ ఒక్కటే తాపడం మాత్రం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. రక్తంలో కణాల శాతం మేకకు మామూలుగా 22 నుంచి 38 ఉంటుంది; 15 లోపుకు పడి, మేక పడుకుండిపోతే రక్తం ఎక్కించడం గురించి ఆసుపత్రిలో అడగాలి. అలాంటి మేకను తరమడం, మందతో నడిపించడం దాని ప్రాణం తీస్తుంది, ఉన్నచోటే మందు తాపి, నీడలో కట్టి, మేతా నీళ్లూ ముందుకే తేవాలి. తీసుకెళ్లే వీలు లేనివారు సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

వేపాకు, వెల్లుల్లి, పసుపు గురించి చాలామంది అడుగుతారు. తుమ్మ వంటి వగరు ఆకుల్లోని టానిన్లు నట్టల గుడ్ల సంఖ్యను కొంత తగ్గించగలవు, మేతగా వేయడం మంచిదే. ఐదో రంగు కనిపించిన మేకను వాటి మీద వదిలేయడం మాత్రం తప్పు. పూర్వం వాడిన మైలుతుత్తం నీళ్ల జోలికి అసలు వెళ్లవద్దు, అందులోని రాగి ఎక్కువైతే కార్జమే పాడవుతుంది.

## ఎవరికి ఏది

ఇంటి ముందో మిద్దె మీదో రెండు మూడు మేకలున్నవారు. పాతబస్తీలోనూ శివార్లలోనూ ఇలాంటి ఇళ్లు ఎన్నో. మేక బయట మేయదు కాబట్టి హీమాంకస్ బెడద తక్కువ, కొత్తగా కొన్న మేకతోనే అది ఇంట్లోకి వస్తుంది. మండీ నుంచి తెచ్చిన మేకను రెండు మూడు వారాలు విడిగా కట్టి, వైద్యుల సలహాతో రెండు వర్గాల మందులు ఇచ్చి, రెండు వారాల తర్వాత పెంటికలు పరీక్ష చేయించాకే పాతవాటితో కలపండి. మేతను నేల మీద పరవకుండా ఎత్తులో కట్టండి. మూసీ వెంట నీళ్లలో పెరిగే పారా గడ్డి కట్టలు కొనేవారు జలగ సంగతి గుర్తుంచుకోవాలి. నత్తలున్న తడి నేల గడ్డిని పచ్చిగా వేసేకంటే ఎండలో బాగా ఆరబెట్టి వేస్తే ప్రమాదం తగ్గుతుంది.

ముప్పై నలభై మేకలను బయట మేపేవారు. కనురెప్ప పద్ధతి పుట్టిందే మీ కోసం. మేక సహజంగా తల ఎత్తి రేగు, తుమ్మ, బలుసు పొదలు తినే జంతువు, లార్వాలేమో నేల నుంచి రెండు మూడు అంగుళాల లోపే ఎక్కువగా ఉంటాయి. పొదల్లో మేసినంత కాలం ఈ రెండూ పెద్దగా కలుసుకోవు. చేవెళ్ల, మహేశ్వరం, ఇబ్రహీంపట్నం వైపు పొదలు చదును చేసి వెంచర్లు వేశాక, మేకలు వాన తర్వాత ప్లాట్లలో మొలిచిన పొట్టి గడ్డిని గొర్రెల్లా తల వంచి మేయాల్సి వస్తోంది. అలాంటిచోట మంచు ఆరాక మందను విప్పడం, గడ్డిని మరీ మొదళ్ల దాకా మేపకుండా చోటు మార్చడం ఒక సీసా మందుతో సమానం. ఈనే ముందు, ఈనిన తొలి వారాల్లో తల్లి గుడ్లు ఎక్కువగా వదులుతుంది, ఆ మేకల రెప్పలను వారానికొకసారి చూడండి.

పలకల నేలతో ఎత్తైన షెడ్డు కట్టి కొట్టంలోనే పెంచేవారు. పెంటికలు కింద పడిపోతాయి, మేక వాటిని ముట్టదు. తేదీ ప్రకారం అందరికీ తాపే ఖర్చు మీకు చాలావరకు వృథా. మీ డబ్బును పెంటికల పరీక్షకు, కొత్త మేకలను విడిగా ఉంచే గదికి మళ్లించండి. మీ దగ్గర పిల్లలు పారుకుంటే నట్టల కంటే ముందు కాక్సీడియాను అనుమానించాలి.

బక్రీద్‌కో బోనాలకో మేకపోతును కొనేవారు. ఇక్కడ మిగతా ప్రమాణాలన్నీ వెనక్కి పోయి, మాంసంలో మందు గడువే ముందుకు వస్తుంది. మందు తాపాక ఎన్ని రోజులు మాంసం, పాలు వాడకూడదో సీసా మీద ఉంటుంది, ఆ గడువు మందును బట్టి, రూపాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా మారుతుంది. మేకకు మోతాదు పెంచినప్పుడు గడువూ పెరుగుతుంది. క్లోసాంటెల్, ఇంజెక్షన్ ఐవర్‌మెక్టిన్ ఒంట్లో వారాల తరబడి ఉండే రకాలు. నెలన్నర ముందు కొని మేపేవారు తెచ్చిన రోజే రెప్ప చూసి, అవసరమైతే ఆ రోజే తాపి, తేదీని గోడ మీద రాసుకోవాలి. పండుగకు వారం ముందు జియాగూడ మండీలో బేరం చేసేవారు పళ్లు చూసిన చేత్తోనే కింది రెప్ప కూడా లాగి చూడండి. నాలుగో రంగు కనిపిస్తే ఆ పోతుకు తాపిన మందు గడువు తీరేలోపే పండుగ వచ్చేస్తుంది కాబట్టి, ధర ఎంత తగ్గించినా పక్క పోతును చూసుకోవడమే నయం.